ఇంట్లో ఎందుకు పెట్టుకున్నావు?

2004 మే 11. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం, బఫెలో నగరం. స్టీవ్ కర్ట్జ్ అనే ఆర్ట్ ప్రొఫెసర్ పొద్దున్నే లేచి చూస్తే పక్కన భార్య హోప్‌లో చలనం లేదు. 911కి ఫోన్ చేశాడు. వచ్చినవాళ్ళు చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. గుండె ఆగి చనిపోయిందని తర్వాత తేలింది. కానీ ఆ వచ్చినవాళ్ళ కంట్లో ఇంకొకటి పడింది. ఇంట్లో పెట్రి డిష్‌లు, ల్యాబ్ సామాను, గాజు పళ్ళేల్లో పెరుగుతున్న బాక్టీరియా.

ఇవన్నీ ఇంట్లో ఎందుకు పెట్టుకున్నావు? అదీ ప్రశ్న.

అతను చెప్పాడు. నేను ఆర్టిస్టుని. నేనూ హోప్, ఇంకొందరం కలిసి క్రిటికల్ ఆర్ట్ ఎన్సాంబుల్ అని ఒక బృందం నడుపుతున్నాం. జన్యుమార్పిడి ఆహారం మీద ఒక ప్రదర్శన ఉంది, జనం తెచ్చిన తిండి పదార్థాలని వాళ్ళ కళ్ళముందే పరీక్షించి చూపించే పని. ఈ బాక్టీరియా జీవాయుధాల చరిత్ర మీద చేస్తున్న ఇంకో ప్రాజెక్టు కోసం. అన్నీ నిజాలే. కానీ ఆ మాటలు అప్పటి అమెరికాలో వినేవాళ్ళ చెవికి ఎలా వినిపించి ఉంటాయో ఊహించండి. ఆంథ్రాక్స్ ఉత్తరాలు వచ్చి మూడేళ్ళు కూడా కాలేదు. అంత్యక్రియల ఏర్పాట్ల కోసం బయల్దేరిన మనిషిని ఎఫ్‌బీఐ ఆపింది. 22 గంటలు అదుపులో పెట్టుకుంది. రక్షణ దుస్తులు వేసుకున్నవాళ్ళు ఇంట్లోకి దిగారు. కంప్యూటర్లు, పుస్తకాలు, రాసుకుంటున్న పుస్తకం చిత్తుప్రతి పట్టుకెళ్ళారు. హోప్ మృతదేహాన్ని కూడా మళ్ళీ పరీక్షలకి తీసుకున్నారు. రాష్ట్ర ఆరోగ్య శాఖ పరీక్షలు చేసి, ప్రజలకి ప్రమాదం ఏమీ లేదని తేల్చింది. వారం తర్వాత ఇల్లు తిరిగిచ్చారు.

కేసు మాత్రం పోలేదు. నాలుగేళ్ళు సాగింది.

ఈ కథ మొదటిసారి తెలిసినప్పుడు నాకు వచ్చింది కోపమే. ఆర్టిస్టు మంచివాడు, రాజ్యం చెడ్డది, అంతే అనిపించింది. కానీ కొంచెం నెమ్మదించాక ఒక ప్రశ్న వదల్లేదు. ఆ రోజు ఆ గుమ్మంలో నిలబడ్డ ఆరోగ్య సిబ్బందిలో నేనూ ఒకడినైతే? ఒక శవం, దాని పక్క గదిలో సూక్ష్మజీవుల పెంపకం. నేను ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయేవాడినా? నిజంగా చెప్పాలంటే, లేదు. నేనూ ఫోన్ చేసేవాడినే. కాబట్టి ఈ వ్యాసం ఆ కోపం గురించి కాదు. ఏ పనీ జరగకముందే, ఎవరికీ ఏ హానీ జరగకముందే, ఒక మనిషి దగ్గర ఫలానా వస్తువు ఉండటమే నేరం అనొచ్చా అనేదాని గురించి.

పాత చట్టం దీనికి చాలా స్పష్టంగా జవాబు చెప్పింది. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో హత్యాయత్నం గురించి చెప్పే 307వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉంటుంది. ఒకడు ఇంకొకడిని చంపాలనుకుని విషం కొంటాడు. అన్నంలో కలుపుతాడు. కలిపిన అన్నం ఇంకా తన దగ్గరే ఉంది. చట్టం అంటుంది, ఇతను ఇంకా ఆ నేరం చెయ్యలేదు. ఆ అన్నం తీసుకెళ్ళి ఎదుటివాడి టేబుల్ మీద పెట్టాడో, లేదా పెట్టమని అతని పనివాడికి ఇచ్చాడో, అప్పుడు చేసినట్టు. ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినా ఈ ఉదాహరణ అలాగే 109వ సెక్షన్‌లోకి వచ్చి కూర్చుంది.

నాకిది చట్టంలా కాకుండా కథలా అనిపిస్తుంది. వంటింటికీ భోజనాల టేబుల్‌కీ మధ్య ఆ పదడుగుల దూరం. ఆ దూరంలో మనిషి మనసు మార్చుకోవచ్చు. చెయ్యి వణికి గిన్నె పారబొయ్యొచ్చు. చట్టం అతనికి ఆ జాగా ఇస్తోంది. చెడ్డ ఆలోచన వచ్చిన ప్రతివాడినీ శిక్షిస్తే జైళ్ళు చాలవన్నది వేరే మాట. అసలు సంగతి, ఆలోచనకీ పనికీ మధ్య మనిషి స్వేచ్ఛగా ఉంటాడని నమ్మడం. మెకాలే మీద నాకు వంద ఫిర్యాదులున్నాయి కానీ ఈ ఒక్క ఉదాహరణకి మాత్రం గౌరవం.

మరి అన్నంలో కలిపింది విషం కాక ప్లేగు అయితే?

ఇది ఊహ కాదు. 1933 నవంబర్ 26న హౌరా స్టేషన్లో అమరేంద్ర పాండే అనే యువ జమీందారు రైలెక్కబోతున్నాడు. సొంతూరు పాకూర్, ఇప్పటి జార్ఖండ్. జనంలో ఖద్దరు కట్టుకున్న ఒక వ్యక్తి అతనికి తగులుతూ వెళ్ళాడు. చేతి మీద ఏదో గుచ్చుకున్నట్టయింది. డిసెంబర్ 4న అమరేంద్ర చనిపోయాడు. అతని రక్తంలో ఉన్నది ప్లేగు బాసిల్లస్. అప్పటికి కలకత్తాలో ప్లేగు లేదు. ఆస్తి తగాదాల్లో ఉన్న సవతి అన్న బినయేంద్ర, అతని స్నేహితుడు డాక్టర్ తారానాథ్ భట్టాచార్య దోషులని కోర్టు తేల్చింది. ఉరిశిక్ష పడింది. 1936లో హైకోర్టు దాన్ని యావజ్జీవ ద్వీపాంతరవాసంగా మార్చింది.

హత్య కంటే, ఆ డాక్టర్ ప్లేగు ఎలా సంపాదించాడన్నదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. బొంబాయిలోని హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌కి రాశాడు. అనుమతి లేకుండా ఇవ్వం అన్నారు. తర్వాత బొంబాయిలోనే ఆర్థర్ రోడ్ అంటువ్యాధుల ఆసుపత్రిలో పనిచేసే వీలు సంపాదించాడు. అక్కడికి కల్చర్ హాఫ్‌కిన్ నుంచే వచ్చింది. అందరికీ అతను చెప్పిన కారణం ఒకటే, నేను ప్లేగుకి మందు కనిపెట్టాను, పరీక్షించి చూడాలి.

కర్ట్జ్ చెప్పిందీ ఒక కారణమే. తారానాథ్ చెప్పిందీ ఒక కారణమే. ఒకటి నిజం, ఇంకొకటి అబద్ధం. బయటినుంచి చూసేవాడికి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఒక గాజు గొట్టం, ఒక డాక్టరో ప్రొఫెసరో, ఒక మర్యాదైన వాక్యం. పాకూర్ కేసులో హత్యానేరం సెక్షన్ సరిపోయింది. సరిపోవడానికి ముందు ఒక మనిషి చచ్చిపోవాల్సి వచ్చింది. పైగా ప్లేగు ఒక్క మనిషి దగ్గర ఆగాలన్న నియమం ఏమీ లేదు. ఆగింది, అంతే. విషం పెట్టినవాడు గిన్నె వెనక్కి తీసుకోవచ్చు. సూక్ష్మజీవి అలా కాదు, అది గిన్నెలో ఉండగానే పెరుగుతుంది, ఒకసారి బయటపడ్డాక పెట్టినవాడి మాట కూడా వినదు. పశ్చాత్తాపానికి చట్టం వదిలిన ఆ పదడుగులు ఇక్కడ లేవు. అందుకే ఈ విషయంలో చట్టం వంటింట్లోకే రావాలని నేను ఒప్పుకుంటాను. ఇష్టం లేకుండానే.

అయితే వంటింట్లోకి వచ్చిన చట్టం దేన్ని చూడాలి? వస్తువునా, మనసునా, కాగితాలనా?

1995లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో లారీ వేన్ హారిస్ అనేవాడు మూడు సీసాల ప్లేగు బాక్టీరియాని ఆర్డర్ చేశాడు. పోస్టులో! అమెరికన్ టైప్ కల్చర్ కలెక్షన్ అని పరిశోధకులకి సూక్ష్మజీవులు అమ్మే సంస్థ ఉంది, అక్కడి నుంచి. లేని ల్యాబ్ పేరుతో లెటర్‌హెడ్ వాడాడు. పార్శిల్ ఆలస్యమైందని తనే ఫోన్ చేసి నిలదీశాడు, ఆ తొందర చూసి వాళ్ళకి అనుమానం వచ్చింది. సీసాలు అతని కారు గ్లవ్ బాక్సులో దొరికాయి. అతను శ్వేతజాతి ఆధిక్యవాద గుంపుల మనిషి. తీరా చూస్తే, ప్లేగు దగ్గర పెట్టుకోవడం అప్పటి చట్టంలో నేరం కాదు. ఆయుధంగా వాడే ఉద్దేశం ఉందని రుజువు చెయ్యాలి. చివరికి అబద్ధపు లెటర్‌హెడ్ వాడినందుకు మోసం కేసు పెట్టారు. ప్రొబేషన్ మీద బయటపడ్డాడు.

దీని తర్వాత ప్రమాదకర సూక్ష్మజీవుల జాబితా ఒకటి తయారుచేసి, వాటిని ఒకచోటినుంచి ఇంకోచోటికి పంపడం మీద నియంత్రణ పెట్టారు. 2001 తర్వాత పేట్రియాట్ చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. రక్షణకో, నిజమైన పరిశోధనకో, ఇతర శాంతియుత ప్రయోజనానికో సమంజసమని చెప్పలేని రకం, లేదా పరిమాణం, నీ దగ్గర ఉంటే చాలు. పదేళ్ళ దాకా జైలు. ఆయుధం చేద్దామనుకున్నావా అన్న ప్రశ్న పోయింది. దాని స్థానంలో వచ్చిన ప్రశ్న, సమంజసమైన కారణం ఉందా?

ఈ రెండు ప్రశ్నలూ ఒకటే అనిపించొచ్చు. కాదు. మొదటి ప్రశ్నకి జవాబు వెతకాల్సింది పోలీసు. రెండో ప్రశ్న వేసిన క్షణంలో, కోర్టులో రుజువు భారం ఎవరిమీద ఉన్నా సరే, జవాబు చెప్పుకోవాల్సింది నువ్వు. యూనివర్సిటీ ల్యాబ్‌లో కూర్చున్నవాడి కారణం అతను నోరు తెరవకముందే సమంజసం. ఇంట్లో ఆర్ట్ చేసేవాడి కారణం ఎన్ని గంటలు వివరించినా వింత.

ఆ 'సమంజసం' అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. 1972 జీవాయుధాల నిషేధ ఒప్పందం మొదటి అధికరణం నుంచి. శాంతియుత ప్రయోజనాలకి సమర్థించుకోలేని రకాలు, పరిమాణాలు ఏ దేశమూ తయారుచెయ్యకూడదు, దాచుకోకూడదు అని అక్కడ రాశారు. మన 2005 సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టంలో జీవాయుధం నిర్వచనం కూడా దాదాపు ఇదే వాక్యం. నిజానికి తెలివైన వాక్యం అది. సూక్ష్మజీవుల్ని మంచివి, చెడ్డవి అని విడదీయలేం. కొవాగ్జిన్ తయారుచెయ్యాలంటే హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో బతికున్న కరోనా వైరస్‌నే ముందు పెద్దమొత్తంలో పెంచాలి, తర్వాతే చంపాలి. కాబట్టి వస్తువుని కాదు, ప్రయోజనాన్ని చూడు అన్నారు. కానీ ఆ వాక్యం రాసింది రాజ్యాల కోసం. సైన్యాలు, బడ్జెట్లు, రహస్య కేంద్రాలు ఉన్నవాళ్ళ కోసం. దాన్ని తీసుకొచ్చి ఒక మనిషి వంటింటి అరకి తగిలించారు. రాజ్యాల మీదేమో అది ఇవాళ్టికీ సరిగ్గా అమలవదు, ఎందుకంటే ఆ ఒప్పందానికి తనిఖీ వ్యవస్థే లేదు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. మా ఇంట్లో, మీ ఇంట్లో కూడా బహుశా, తలకి రాసుకున్న ఆముదం. పాలమూరు, నల్లగొండ మెట్ట చేలల్లో పండేది. ఆ గింజలోనే రైసిన్ ఉంటుంది. 1978లో లండన్‌లో బల్గేరియా రచయిత గియోర్గీ మార్కోవ్‌ని చంపింది ఆ విషమేనని అంటారు. నూనె తీశాక అది పిండిలో మిగులుతుంది, నూనెలోకి రాదు. అమెరికా చట్టం రాసినవాళ్ళకి కూడా ఈ చెట్టు గుర్తొచ్చినట్టుంది. సహజంగా ఉన్నచోట ఉన్న విషపదార్థానికి ఆ పదేళ్ళ శిక్ష వర్తించదని ఒక మినహాయింపు పెట్టారు, సాగు చెయ్యనంతవరకు, సేకరించనంతవరకు, వేరుచెయ్యనంతవరకు. సాగు చెయ్యనంతవరకు! ఆముదం రైతు ఆ వాక్యం చదివితే ఏమంటాడో. అతన్ని ఎవరూ పట్టుకోరనుకోండి. కానీ పట్టుకోకపోవడానికి కారణం చట్టం కాదు, పట్టుకునేవాడి ఇంగితం.

మళ్ళీ బఫెలోకి వద్దాం. కర్ట్జ్ ఇంట్లో దొరికిన వాటిలో ముఖ్యమైనవి రెండు, సెరేషియా మార్సెసెన్స్, బాసిల్లస్ అట్రోఫేయస్. మొదటిది మనకి తెలియని జీవేం కాదు. అపార్ట్‌మెంట్ బాత్‌రూమ్‌లో టైల్స్ సందుల్లో గులాబీరంగు జిగురు పేరుకుంటుందే, చాలాసార్లు అది ఇదే. రొట్టె మీద పెరిగితే ఎర్రటి మరకలు వస్తాయి. మధ్యయుగాల యూరప్‌లో ప్రసాదపు రొట్టె మీద రక్తం కనిపించిందనే అద్భుతాలకి కారణం ఇదే అయ్యుండొచ్చని కొందరి ఊహ. కాలేజీ ల్యాబుల్లో పాఠాలకి వాడతారు.

1950 సెప్టెంబర్‌లో అమెరికా నౌకాదళం ఇదే సెరేషియానీ, రెండోదాన్నీ (అప్పుడు దాన్ని బాసిల్లస్ గ్లోబిజీ అనేవాళ్ళు, పేరు మారింది కానీ నిజానికి మనిషి ఆ మనిషే) ఒక ఓడనుంచి శాన్ ఫ్రాన్సిస్కో నగరం మీదికి వారంపాటు పిచికారీ చేసింది. శత్రువు జీవాయుధం వదిలితే ఎలా వ్యాపిస్తుందో కొలవడానికి. ఊరివాళ్ళకి చెప్పలేదు. కొన్ని రోజులకి స్టాన్‌ఫర్డ్ ఆసుపత్రిలో పదకొండు మంది రోగులకి అరుదైన సెరేషియా ఇన్‌ఫెక్షన్ వచ్చింది. ఎడ్వర్డ్ నెవిన్ అనే ఆయన చనిపోయాడు. పిచికారీ సంగతి బయటికొచ్చింది 1976లో. కుటుంబం కేసు వేసింది, లాయరైన మనవడే వాదించాడు. ఓడిపోయారు. ఆ బాక్టీరియా వల్లే చనిపోయాడని తేలలేదు, అది ఒక కారణం. ఇంకో కారణం, అలాంటి పరీక్ష చెయ్యాలా వద్దా అన్నది ప్రభుత్వ విచక్షణకి సంబంధించింది, దానిమీద దావా చెల్లదు.

ఒకే బాక్టీరియా. ఊరంతటి మీదా చల్లినప్పుడు విచక్షణ. పెట్రి డిష్‌లో పెట్టుకుని ఆ చల్లిన చరిత్ర గురించి మాట్లాడబోయినప్పుడు అనుమానం. ఈ పోలిక నేను కల్పించింది కాదు, కర్ట్జ్ బృందం చేస్తున్న పనే దాదాపు ఇది, జీవాయుధ ప్రయోగాల పేరుతో రాజ్యాలు చేసిన వాటిని మళ్ళీ చూపించడం.

జీవాయుధాల సెక్షన్ కింద కర్ట్జ్ స్నేహితులకి సమన్లు వెళ్ళాయి కానీ, గ్రాండ్ జ్యూరీ దగ్గర ఆ అభియోగం నిలబడలేదు. అప్పుడేం చేశారంటే, హారిస్‌కి చేసిందే చేశారు. మోసం కేసు. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ జన్యుశాస్త్రవేత్త రాబర్ట్ ఫెరెల్ ఆ బాక్టీరియాని తన ల్యాబ్ పేరుమీద కొని స్నేహితుడికి ఇచ్చాడు. ఖరీదు 256 డాలర్లు. సరఫరా సంస్థ నిబంధనల ప్రకారం ఇంకొకరికి ఇవ్వకూడదు కాబట్టి, తపాలా మోసం, తీగల మోసం. గరిష్ఠ శిక్ష ఇరవై ఏళ్ళు. ఆ సంస్థ తనని ఎవరో మోసం చేశారని ఫిర్యాదు చెయ్యలేదు. అప్పటికే జబ్బు మనిషైన ఫెరెల్ చివరికి చిన్న నేరం ఒప్పుకుని 500 డాలర్ల జరిమానా కట్టాడు. కర్ట్జ్ ఒప్పుకోలేదు. 2008 ఏప్రిల్ 21న జడ్జి రిచర్డ్ ఆర్కారా, ఆ అభియోగపత్రంలో రాసినవన్నీ నిజమే అనుకున్నా అందులో నేరం లేదని కొట్టేశాడు.

హారిస్‌కీ కర్ట్జ్‌కీ ఒకే మందు వాడటం గురించి నేను చాలాసేపు ఆలోచించాను. ఒకడు నిజంగా భయపెట్టేవాడు, ఇంకొకడు కాదు. రెండు చోట్లా చట్టం తన అసలు భయాన్ని కోర్టులో పేరుపెట్టి చెప్పలేకపోయింది. బదులుగా లెటర్‌హెడ్ గురించి, 256 డాలర్ల గురించి మాట్లాడింది. టెక్సస్‌లో థామస్ బట్లర్ కేసూ అంతే. ప్లేగు మీద జీవితమంతా పనిచేసిన మనిషి. 2003లో ముప్ఫై ప్లేగు సీసాలు కనపడటం లేదని చెప్పాడు, ఎఫ్‌బీఐ దిగింది. చివరికి 69 అభియోగాలు మోపారు. సీసాల గురించి అబద్ధమాడాడన్న దాంట్లో, దొంగతనంగా దేశంలోకి తెచ్చాడన్న దాంట్లో జ్యూరీ నిర్దోషి అంది. 47 అభియోగాల్లో దోషి అంది. వాటిలో అత్యధికం యూనివర్సిటీ కాంట్రాక్టు డబ్బుల లెక్కలు. మిగిలినవి టాంజానియాకి పంపిన నమూనా పార్శిల్ కాగితాలు. రెండేళ్ళ జైలు. బట్లర్ తప్పే చెయ్యలేదని నేను అనను, ప్లేగు పార్శిల్‌కి సరైన కాగితాలు పెట్టకపోవడం తప్పే. కానీ ప్లేగు భయంతో అరెస్టు చేసి, ఖాతా పుస్తకాలతో శిక్షించడాన్ని న్యాయం అనాలంటే నోరు రాదు.

మరి ఆంథ్రాక్స్ ఉత్తరాలు? ఐదుగురు చనిపోయారు. చాలా ఏళ్ళు వెతికి ఎఫ్‌బీఐ వేలు చూపింది బ్రూస్ ఐవిన్స్ మీద, ఫోర్ట్ డెట్రిక్‌లో సైన్యం సొంత ల్యాబ్ శాస్త్రవేత్త. విచారణకి ముందే 2008 జూలైలో ఆత్మహత్య చేసుకున్నాడు. శాస్త్రీయ ఆధారాలు మాత్రమే చూసి ఖాయంగా చెప్పలేమని తర్వాత నేషనల్ అకాడమీ కమిటీ అంది. అయినా ఎఫ్‌బీఐ చెప్పిందే నిజమైతే, అన్ని అనుమతులూ, అన్ని సమంజసమైన కారణాలూ ఉన్న మనిషి అతను.

మన దగ్గరికొస్తే 2020 గుర్తొస్తుంది. ప్రాణాంతక రోగాన్ని దురుద్దేశంతో వ్యాపింపజెయ్యడం, ఐపీసీ 270. నిర్లక్ష్యంతో అయితే 269. మూలన పడున్న సెక్షన్లు ఒక్కసారిగా లేచాయి. ఢిల్లీ తబ్లీగీ సమావేశానికి వచ్చిన విదేశీయుల మీద పెట్టారు. ఆ ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ అలాంటి కేసుల్ని కొట్టేస్తూ, వీళ్ళని బలిపశువుల్ని చేశారంది. అక్కడ సీసా కూడా లేదు. మనిషే సీసా. 'ఎందుకు పెట్టుకున్నావు' అన్న ప్రశ్న 'ఎందుకొచ్చావు' అయింది. అడిగేవాళ్ళ గొంతు మాత్రం మారలేదు.

నా మట్టుకు నేను ఎక్కడ నిలబడ్డానంటే, ప్లేగు, ఆంథ్రాక్స్, మశూచి లాంటి వాటికి జాబితా ఉండాలి, అనుమతి లేకుండా దగ్గరుంటే నేరం కావాలి, అక్కడ ఉద్దేశం అడగక్కర్లేదు. హారిస్‌ని అప్పుడే ఆపగలిగే చట్టం కావాలి. కానీ జాబితాలో లేనిదాన్ని, బాత్‌రూమ్ టైల్స్ మీద పెరిగేదాన్ని పట్టుకుని నేరం అనాలంటే దురుద్దేశం రుజువు చెయ్యాల్సింది రాజ్యం. 'మాకు వింతగా ఉంది' అనేది రుజువు కాదు. దీనివల్ల ఎప్పుడో ఒక తారానాథ్ తప్పించుకోవచ్చు. తెలిసే అంటున్నాను, ఆ మాట రాయడం తేలిక కాదు. హౌరా స్టేషన్లో చెయ్యి రుద్దుకుంటూ నిలబడ్డ ఆ కుర్రాడు కళ్ళముందు ఉండగా అసలే కాదు.

కర్ట్జ్ కేసు నడుస్తుండగా లిన్ హెర్ష్‌మన్ లీసన్ 'స్ట్రేంజ్ కల్చర్' అనే సినిమా తీసింది. కేసు వల్ల అతను కొన్ని సంగతులు తెరమీద మాట్లాడలేడు. ఆ చోట్ల నటులు అతనిలా, హోప్‌లా కనిపిస్తారు. హోప్‌గా టిల్డా స్వింటన్. కేసు కొట్టేసిన ఏడాదే బఫెలోలో ఆ బృందం ఒక ప్రదర్శన పెట్టింది, పేరు 'సీజ్డ్'. ఎఫ్‌బీఐ పట్టుకెళ్ళినవి వాళ్ళ దగ్గర లేవు కదా. అందుకని సోదాకి వచ్చినవాళ్ళు ఆ ఇంటి దగ్గర వదిలేసి వెళ్ళిన చెత్తని గాలరీలో పెట్టారు. నమూనాల సంచులు, రక్షణ దుస్తులు, గాటొరేడ్ సీసాలు, ఖాళీ పిజ్జా పెట్టెలు.